పద్దెనిమిది చెంచాలు

జాడీల గదిలోకి అడుగుపెట్టగానే ముందు పలకరించేది వాసన. ఆ తర్వాతే వెలుతురు. గోడకి ఎత్తుగా ఉన్న ఒకే ఒక్క కిటికీలోంచి పొద్దుటి ఎండ జారి, బల్లల మీద వరసగా నిలబెట్టిన పద్దెనిమిది గాజు జాడీల్లో మునిగి, తేనె రంగు పూసుకుని మళ్ళీ పైకి తేలుతుంది. వాటిలో ఎండుద్రాక్ష, అంజీరు, ఖర్జూరం, నారింజ తొక్కలు రమ్ములో నానుతున్నాయి. మూడు నెలలుగా నానుతున్నాయి. చలికాలం పళ్ళ కేకులన్నీ ఈ జాడీల్లోంచే రావాలి. మూతలు తీసే రోజు ఇంక మూడు రోజుల్లోకి వచ్చింది.

ఆమె మొదటి జాడీ మూత తిప్పి, వెండి చెంచాతో ఒక చెంచాడు రసం తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ముందు తీపి. వెనకాల నారింజ తొక్క చేదు. ఆ చేదు వెనక నక్కి కూర్చున్న మంట. ఆ మంట గొంతులోకి దిగేదాకా ఆగి, పూర్తిగా మింగి, కళ్ళు తెరిచి సుద్దముక్కతో జాడీ మీద ఒక చుక్క పెట్టింది. చుక్క అంటే ఇంకా ఊరాలని. గీత అంటే చాలని.

మింగడం ఈ బేకరీ పద్ధతి. ఓనరు తండ్రి పెట్టి పోయిన నియమం. పుక్కిలించి ఉమ్మేసేవాళ్ళు రుచి చూడటం లేదు, రుచిని వెక్కిరిస్తున్నారు అనేవాడట ఆ పెద్దాయన. గొంతు దిగాక ఏది మిగిలిందో అదే కేకులోనూ మిగులుతుంది, కాబట్టి మింగి తీరాలి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కానీ ఆయన చెంచా ఉంది, ఆయన మాట ఉంది. ఆ రెండిటినీ మోసే నాలుక ఒకటి కావాలి. రెండేళ్ళుగా ఆ నాలుక ఈమెది. అందుకే పిండి కలిపేవాళ్ళ దగ్గర్నుంచి పొయ్యి చూసేవాళ్ళ దాకా ఆమెను అసలు పేరుతో పిలిచిన పాపాన పోరు. నాలుకమ్మా అంటారు. ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది, కాస్త గర్వంగానే.

"ఏమంటున్నారమ్మా నాలుకమ్మా, మన పిల్లలు?" గుమ్మంలో నిలబడి ఓనరు అడిగాడు. జాడీల్ని ఆయన పిల్లలంటాడు.

"ఏడోది అలిగింది బాబాయి. మూత వదులైంది, ఘాటు పోతోంది."

"దాని బుద్ధి మొదట్నించీ అంతే. నువ్వు జాగ్రత్తగా చూసుకో తల్లీ. నిన్ను నమ్ముకునే ఉన్నాను." ఆమె పొట్టవైపు చూసి ముసిముసిగా నవ్వాడు. "లోపలున్నవాడికి కూడా ఇప్పట్నుంచే నేర్పించు పని."

తొమ్మిదో జాడీ దాటితే ఒళ్ళు తేలికవుతుంది. పదమూడు దాటితే కాళ్ళ కింద నేల మెత్తబడుతుంది. పద్దెనిమిదోది అయ్యేసరికి కిటికీలో ఎండా, జాడీల్లో ఎండా, తన ఒంట్లో ఎండా అన్నీ ఒకటే. అయిదో నెల నిండుతోంది. పొద్దున్నే చేపపిల్లలా మసిలే బిడ్డ, ఆమె ఈ గదిలోంచి బయటికొచ్చే వేళకి సద్దుమణిగిపోతుంది. మధ్యాహ్నం దాటేదాకా ఉలుకూ పలుకూ ఉండదు.

"పనివేళ తెలిసిన బిడ్డ. అమ్మ పనిలో ఉంటే అల్లరి చెయ్యదు," అని అందరికీ చెప్పుకుని మురిసిపోతుంది ఆమె.

భోజనాల వేళ ప్యాకింగ్ బల్ల చివర రిబ్బనక్క కూర్చుని ఉంది. కేకుల పెట్టెలకి రిబ్బన్లు కట్టే మనిషి. నలభై ఉంటాయి. వేళ్ళు కత్తెరలా చకచకా ఆడతాయి, నోరు మాత్రం ఆడదు. పక్కనే ఆమె కూతురు పిట్ట. ఎనిమిదేళ్ళని చెప్తే తప్ప అయిదు కూడా అనుకోరు. చిన్న కళ్ళు, సన్నటి పై పెదవి. ముక్కుకీ పెదవికీ మధ్య అందరికీ ఉండే గాడి ఆ పిల్లకి లేదు, నున్నగా ఉంటుంది. బడి అయ్యాక, బడి వద్దన్న రోజుల్లో పొద్దుట్నించీ, అక్కడే కూర్చుని రిబ్బను ముక్కలు లెక్కపెట్టుకుంటుంది. "ఒకటి, రెండు, మూడు." మూడు తర్వాత ఏమిటో ఎవరు ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. తల ఎత్తి చూసి నవ్వుతుంది.

కడుపుతో ఉన్నప్పుడు తాగింది, అందుకే పిల్ల అట్లా పుట్టింది అని రిబ్బనక్క గురించి బేకరీ అంతటికీ తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేరు. నాలుకమ్మ చేరిన మొదటి వారంలోనే వింది. విని ఊరుకోలేదు. "తల్లనేది అంత నోరు కట్టుకోలేకపోతే ఎట్లాగమ్మా?" అని నలుగురిలో అంది, రిబ్బనక్కకి వినిపించేంత దూరంలోనే. అప్పట్నుంచీ తను అన్నం డబ్బా పట్టుకెళ్ళి బల్ల రెండో చివర కూర్చుంటుంది. ఆ రోజూ అక్కడే కూర్చుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళారు మొగుడూ పెళ్ళాం. అతను బేకరీ వ్యాను నడుపుతాడు. రొట్టెల వాసనా సిగరెట్ల వాసనా కలిసి అతనంటే ఒక ప్రత్యేకమైన వాసన. నర్సు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కాగితం మీద వరసగా ప్రశ్నలు చదివింది.

"పొగ తాగుతావా?"

"నేనా? లేదండీ."

"ఇంట్లో ఎవరైనా?"

ఆమె మొగుడివైపు తిరిగింది. అతను గోడమీద క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు.

"మందు?"

"ఛీ ఛీ! అవేం మాటలండీ! అట్లాంటి ఇంట్లో పుట్టలేదు నేను."

"అందర్నీ అడుగుతాంలేమ్మా, కోపం తెచ్చుకోకు," అని నర్సు 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. పడుకోబెట్టి, టేపు తీసి పొట్ట కొలిచింది. మళ్ళీ కొలిచింది. "నెలలకి కొంచెం చిన్నగా ఉంది. కంగారు పడకు, వచ్చే నెల మళ్ళీ చూద్దాం," అని మొగుడివైపు తిరిగింది. "ఏమయ్యా, రోజుకి ఎన్ని కాలుస్తావ్?"

"బయటే కాలుస్తానండీ. కిటికీ దగ్గర. తల బయట పెట్టి."

"మరి తల బయటే వదిలేసి లోపలికి వస్తావా? నీ జుట్టు, నీ చొక్కా, నీ ఊపిరీ ఆ అమ్మాయి పక్కనేగా పడుకునేది. ఆ పొగ తల్లి రక్తంలోకి పోతుంది, అక్కణ్ణించి బిడ్డకి. బిడ్డకి అందాల్సిన గాలి తగ్గుతుంది. బరువు తక్కువ పుడతారు. ముందే పుట్టేస్తారు. పుట్టాక గాలి పీల్చుకోవడానికి నానా అవస్థా పడతారు. నీకు సరదా, వాళ్ళకి గండం."

దారి పొడుగునా ఆమె అతన్ని నిలువునా కడిగేసింది. "విన్నావుగా? నీ మూలానే. నా బిడ్డ చిక్కిపోతోంది నీ మూలానే." అతను మలుపులో ఆగి, జేబులోంచి పెట్టె తీసి, ఒక్కొక్క సిగరెట్టూ విరిచి కాలవలో వేశాడు. పదకొండు. అవి నీళ్ళ మీద తేలుతూ, పొట్ట విప్పుకుని పొగాకు పొడి వదులుతూ వెళ్ళిపోతుంటే చిన్నపిల్లాడిలా చూస్తూ నిలబడ్డాడు. ఆమెకి జాలేసింది. అయినా తప్పు అతనిదే అయినందుకు ఎక్కడో ఒక మూల హాయిగా కూడా అనిపించింది.

మూడో రోజు పొద్దున ఆరో జాడీ అయి ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డ అలికిడయింది. రిబ్బనక్క. చేతిలో జాడీల మెడకి కట్టడానికి ఎర్ర రిబ్బన్ల చుట్ట. రెండేళ్ళలో ఆమె ఈ గదివైపు రావడం నాలుకమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. గడప దాటకుండా అక్కడే నిలబడి వెండి చెంచా వంకే చూస్తోంది.

"అక్కడ పెట్టి వెళ్ళు," అంది నాలుకమ్మ.

"ఏడోదాని మూత కింద తడిగుడ్డ పెట్టు. అప్పుడు బిగుసుకుంటుంది." రిబ్బనక్క గొంతు బొంగురుగా ఉంది, వాడక తుప్పు పట్టినట్టు.

"నీకెట్లా తెలుసు?"

"ఆ చెంచా కాడ వెనకాల చిన్న సొట్ట ఉంటుంది చూడు. నా బొటనవేలికి సరిగ్గా సరిపోయేది."

నాలుకమ్మ చెంచా తిప్పి చూసింది. సొట్ట ఉంది. రోజూ తన బొటనవేలు ఆనేది అక్కడే.

"నువ్వు..."

"నాలుగేళ్ళు చేశాను. నా తర్వాత ఒక ముసలామె, ఆవిడ తర్వాత నువ్వు. అప్పటివాళ్ళల్లో ఇప్పుడు మిగిలింది నేనూ, ఓనరూ. ఇంకెవరున్నారు చెప్పడానికి?" రిబ్బనక్క రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అంది. "పిట్ట కడుపులో పడ్డప్పుడు నర్సు నన్నూ అడిగింది, మందు తాగుతావా అని. ఛీ అన్నాను. నిజమేగా, గ్లాసు పట్టుకున్న మొహమా నాది? పిల్ల పుట్టాక ఎదగట్లేదని పెద్ద డాక్టరమ్మకి చూపిస్తే, ఆవిడ నా పని ఏమిటని అడిగింది. చెప్పాను. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను కానీ, ఇంతవరకు తాగితే బిడ్డకి ఏమీ కాదు అనే కొలత మాకెవరికీ తెలీదమ్మా అంది. కాగితం మీద రాసిచ్చింది. సెలవు కోసం ఆ కాగితం ఇక్కడ ఆఫీసులో ఇచ్చాను. అందులో మద్యం అన్న ఒక్క మాటే అందరికీ కనపడింది. చెంచా ఎవరికీ కనపడలేదు."

"బాబాయికి తెలీదా?"

"నా నాలుక మొద్దుబారింది, రిబ్బన్లు కట్టుకో అన్నాడు. అంతకన్నా తెలుసుకోవాలనుకోలేదేమో." ఆగి, ఆమె పొట్టవైపు చూసింది. "ఇది చెప్పడానికి రెండు నెలలుగా వచ్చి వచ్చి వెనక్కి పోతున్నాను. నువ్వు నాతో మాట్లాడవుగా."

నాలుకమ్మకి చెవులు వేడెక్కాయి. "నా బిడ్డని నీ పిల్లతో పోలుస్తావా? దిష్టి పెట్టడానికి వచ్చావా పొద్దున్నే? పో ఇక్కణ్ణించి!"

రిబ్బనక్క రిబ్బన్ల చుట్ట గడప మీద జాగ్రత్తగా పెట్టి, వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయింది.

ఆమె ఏడో జాడీలో చెంచా ముంచింది. నోటిదాకా తెచ్చింది. చెయ్యి అక్కడే ఆగింది. చెంచా అంచున ఒక ఎండుద్రాక్ష తేలుతోంది. మూడు నెలల కింద ముడతలు పడి గులకరాయంత గట్టిగా ఉన్నది, ఇప్పుడు ఉబ్బి, నిగనిగలాడుతూ, చిన్న బొజ్జలా ఉంది. దాన్ని అరచేతిలోకి తీసుకుని గోటితో చీల్చింది. తొక్క దగ్గర ఎంత రంగో లోపలా అంతే రంగు. తొక్క ఆపదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ పండు దేంట్లో తేలితే దాన్నే తాగుతుంది. తేనెలో వేస్తే తేనె, రమ్ములో వేస్తే రమ్ము. వద్దనడానికి పండుకి నోరెక్కడిది?

గుమ్మం పక్కన పొద్దుట టీ తాగి కడిగి బోర్లించిన చిన్న గాజుగ్లాసు ఉంది. దాన్ని తెచ్చి బల్లమీద పెట్టింది. ఏడో జాడీ చెంచాడు అందులో పోసింది. ఎనిమిదోది పోసింది. తొమ్మిది, పది. వరసగా పద్దెనిమిది దాకా పోసి, మళ్ళీ వెనక్కి వచ్చి, పొద్దుట తను మింగిన ఆరింటినీ కూడా లెక్క తప్పకుండా పోసింది. గ్లాసు అంచుకి వేలెడు దూరంలోకి వచ్చి ఆగింది. కిటికీలో ఎండ దాన్ని పట్టుకుని వెలిగించింది. చూడముచ్చటగా ఉంది. వీధి చివర దుకాణంలో మగాళ్ళు మోచేతులు ఆనించుకుని ముందు పెట్టుకునే గ్లాసు అచ్చం ఇట్లాగే ఉంటుంది.

రోజూ ఒకటి. పొద్దున్నే. పరగడుపున కాకపోతే రొట్టెముక్క తిని.

ఆమె స్టూలు మీద కూలబడింది. జాడీలన్నీ చుట్టూ నిలబడి ఆమె వైపే చూస్తున్నట్టున్నాయి. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క చిన్న మనిషి తేనె రంగు నీళ్ళలో మోకాళ్ళు ముడుచుకుని తేలుతూ, నోరు తెరుస్తూ మూస్తూ. పనివేళ తెలిసిన బిడ్డ. అల్లరి చెయ్యని బిడ్డ. ఆమె పొట్టమీద చెయ్యి వేసుకుని, "ఏమే... ఏరా..." అని పిలిచింది. లోపల్నుంచి బదులు రాలేదు. ఆరు చెంచాలు అప్పటికే దిగాయి.

ఆ సాయంత్రం ఆసుపత్రి మూసేవేళకి వెళ్ళి, నర్సు ముందు తన కార్డు పెట్టి, "ఇక్కడ టిక్కు మార్చాలండీ," అంది. ఎందుకో చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నర్సు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది, తిట్టలేదు. కాగితంలో పాత టిక్కు కొట్టేసి కొత్తది పెట్టింది. "జరిగినదాంట్లో ఎంత తగిలిందో ఇప్పుడే ఎవరమూ చెప్పలేం తల్లీ. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పను. కానీ ఆపిన రోజు నుంచీ బిడ్డకి మేలే. అది మాత్రం నిజం. ఎప్పుడు ఆపుతావు?"

"ఈ పొద్దున ఏడో జాడీ దగ్గర ఆపానండీ."

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు కిటికీ దగ్గర కూర్చుని లవంగం నములుతున్నాడు. రెండు రోజుల్లో లవంగాల డబ్బా ఖాళీ చేశాడు. ఆమె అతని పక్కన కూర్చుని, "నీ ఒక్కడిదే కాదయ్యా. నా చెంచాది కూడా," అని మొత్తం చెప్పింది. అతను నమలడం ఆపేశాడు. ఆమె కడిగేసినట్టు తనూ కడిగెయ్యొచ్చు. వంతు అతనిదే. డబ్బా అడుగున మిగిలిన ఒక్క లవంగాన్నీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నాలుక పీకినప్పుడు ఇది నములు," అన్నాడు.

మూతలు తీసే రోజు పొద్దున్నే బేకరీ అంతా జాడీల గది ముందు గుమిగూడింది. తెల్లటి ఏప్రన్లు, పిండి చేతులు. మెడలకి ఎర్ర రిబ్బన్లతో జాడీలు పెళ్ళివారిలా ఉన్నాయి. ఓనరు ఉతికిన చొక్కా వేసుకుని, వెండి చెంచాని గుడ్డతో తుడిచి నాలుకమ్మ ముందుకి చాపాడు.

"కానీ తల్లీ."

"ఇకనుంచి నేను మింగను బాబాయి. వాసన చూసి చెప్తాను. అంతే."

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "ఇవాళ కాదు తల్లీ ఇట్లాంటి వేళాకోళం. ఒక్క చెంచాడుకి ఏమవుతుంది? మా నాన్న పెట్టిన పద్ధతి ఇది. ఆయన ముప్పయ్యేళ్ళు మింగాడు, గుండ్రాయిలా ఉన్నాడు."

"మీ నాన్నగారు ఎప్పుడైనా కడుపుతో ఉన్నారా బాబాయి?"

పొయ్యి దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు అందరి మీదికీ పాకి, ఓనరు మొహం చూసి ఆగిపోయింది. నాలుకమ్మ నవ్వలేదు. కొంగు చాటునుంచి నిన్నటి గ్లాసు తీసి, ఏడో జాడీ పక్కన పెట్టింది. "ఇది రోజూ నేను తాగేది. కొలిచాను. పద్దెనిమిది చెంచాలు. నాకు ముందు ఒకావిడ నాలుగేళ్ళు తాగింది, మీ పద్ధతి ప్రకారమే. ఆవిడని ఈ బేకరీలో తాగుబోతు అంటారు. నేనూ అన్నాను."

ప్యాకింగ్ బల్ల చివర రిబ్బనక్క వేళ్ళు ఆగిపోయాయి.

"గ్లాసులో పోస్తే అట్లాగే కనిపిస్తుంది. చెంచాలో అదెంత!" ఓనరు గొంతు పెంచాడు. "ఎవరూ చెయ్యకపోతే నేనే చేస్తాను. నా ఇంటి పనికి నేను పనికిరానా?"

మొదటి జాడీ మూత తీశాడు. చెంచా ముంచాడు, మింగాడు, గీత గీశాడు. రెండు, మూడు. ఎన్నేళ్ళయిందో ఆయన ఈ చెంచా నోట్లో పెట్టుకుని. అయిదోదానికి చెవులు ఎర్రబడ్డాయి. ఏడోదాని మూత తియ్యబోతే ఒక పట్టాన రాలేదు. కింద తడిగుడ్డ ఉంది. తొమ్మిదోదాని దగ్గర గీత వంకర పోయింది. పన్నెండోది మింగి, మూత పెట్టడం మర్చిపోయి బల్ల అంచు పట్టుకున్నాడు. పక్కనున్న మైదా బస్తా మీద మెల్లగా కూర్చున్నాడు. గదిలో ఎండ అందరి మీదా ఒకే రంగు పూసింది.

"రోజూనా?" అన్నాడు చివరికి, నేలని అడుగుతున్నట్టు.

"రోజూనే," అంది నాలుకమ్మ.

ఆయన తలెత్తి, జనం మధ్యలోంచి ప్యాకింగ్ బల్లవైపు చూశాడు. పిట్ట రిబ్బను ముక్కలు వరసగా పేర్చుకుంటోంది. ఆయన ఆ పిల్ల మొహాన్ని చూశాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ ఎదురుగా ఉన్న మొహాన్ని అంతసేపు చూడటం అదే మొదలు.

"కాగితం నేను చదివాను," అన్నాడు. "పూర్తిగా చదివాను. చదివి..." చెంచాని రిబ్బనక్కవైపు చాపాడు. "నువ్వొచ్చి మిగతా ఆరూ చూడమ్మా. ఉమ్మేసెయ్. ఒరే, ఎవరైనా ఒక తొట్టి తెచ్చి పెట్టండి ఇక్కడ. ఇకనుంచి ఎవరైనా సరే ఉమ్మెయ్యడమే."

రిబ్బనక్క లేవలేదు. "నా చేతికి రిబ్బన్లే నయం బాబుగారూ," అంది, మర్యాదగానే. కట్టాల్సిన పెట్టె దగ్గరికి లాక్కుంది.

ఆఖరికి పొయ్యి చూసే పెద్దమనిషి తొట్టి ముందు పెట్టుకుని ఉమ్ముతూ మిగతావి చూశాడు. పక్కన నాలుకమ్మ కళ్ళు మూసుకుని వాసన పట్టి గీత, చుక్క చెప్పింది. ఇద్దరి మాటా ఒక్క జాడీ దగ్గర కూడా తేడా రాలేదు.

భోజనాల వేళ ఆమె అన్నం డబ్బా పట్టుకుని బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. రిబ్బనక్క ఎదురుగా నిలబడింది. ఏమనాలో అంతా అనుకునే వచ్చింది కానీ డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయింది. రిబ్బనక్క తన పక్కనున్న రిబ్బన్ల గుట్టని అవతలికి జరిపింది.

"కూర్చో. నిలబడి తింటావా?"

కూర్చుంది. తల తేలిగ్గా లేదు. నేల మెత్తగా లేదు. ఎదురు గోడమీద గడియారం పన్నెండు దాటింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. లోపల, బొడ్డుకి కాస్త పక్కగా, చేపపిల్ల తోక కొట్టినట్టయింది. ఈ వేళప్పుడు ఎన్నడూ లేనిది. మళ్ళీ కొట్టింది.

ఆమె మొహం చూసి రిబ్బనక్కకి అర్థమైంది. పిట్ట రిబ్బన్లు వదిలేసి వచ్చి, అడక్కుండానే తన చిన్న చెయ్యి ఆ పొట్టమీద వేసింది. లోపల్నుంచి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడి నవ్వుతూ లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు."

తర్వాతిది తగిలింది. పిల్ల తలెత్తి చూసింది. ఆ తర్వాతేమిటో నోటికి రావడం లేదు.

నాలుకమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. "మళ్ళీ ఒకటి అను," అంది. "మొదట్నించీ లెక్కపెడదాం."